పిల్లి ఉచ్చ కంపు: దాని ముక్కుకు కూడా దొరక్కుండా వదిలించడం ఎలా

మా పిల్లి బూచి మూడేళ్లలో ఒక్కసారి కూడా లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాలకి మట్టి పోసి పెట్టే డబ్బా) తప్పలేదు. ఒకరోజు సోఫా ఎడమ మూల తడిగా కనిపించింది. నీళ్లు ఒలికాయేమో అనుకుని చెయ్యి పెట్టాను. ఆ చేతిని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాక గానీ సంగతి అర్థం కాలేదు. సబ్బు నీళ్లతో రుద్దాను, రూమ్ స్ప్రే కొట్టాను, కవర్ మార్చాను. రెండు రోజులకి మళ్లీ అక్కడే. మళ్లీ కడిగాను, మళ్లీ పోసింది. ఇలా మూడు వారాలు నడిచింది. చివరికి నాకు అక్కడ ఏ వాసనా తెలియకుండా పోయింది. ఓ సాయంత్రం పనేమీ పెట్టుకోకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాను. సోఫా ఎక్కింది. ఆ మూలకి ముక్కు ఆనించింది. నోరు కాస్త తెరిచి, పై పెదవి ముడిచి, ఏదో లెక్క గుర్తు తెచ్చుకుంటున్నట్టు అలాగే ఆగిపోయింది. తర్వాత కాలితో రెండుసార్లు గోకి, తీరిగ్గా కూర్చుంది. నేను శుభ్రం చేశాననుకున్న చోటు దానికి ఇంకా మరుగుదొడ్డే.

మనం మన ముక్కుకు వాసన పోయేదాకా కడిగి ఊరుకుంటాం. పోవలసింది పిల్లి ముక్కుకు. నేను చేసిన రెండో తప్పు ఇంకా పెద్దది. మూడు వారాలు సోఫాకి వైద్యం చేశాను, వైద్యం కావలసింది బూచికి. దాని మూత్రాశయం వాచి ఉందని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాకే తెలిసింది. అందుకే కింద చెప్పే పనుల్లో తడి అద్దడం ఒక్కటే పిల్లి సంగతి కంటే ముందు వస్తుంది. అది కూడా పది నిమిషాల పని కాబట్టి.

తడి ఆరకముందే దొరికితే

రుద్దకండి, అద్దండి. రుద్దితే ఉచ్చ లోపలికి దిగుతుంది, పక్కలకీ పాకుతుంది. పాత నూలు తువ్వాలు నాలుగు మడతలు వేసి తడి మీద పెట్టండి. నేల మీదైతే దానిపై ఎక్కి నిలబడండి, సోఫా మీదైతే రెండు చేతులతో బరువంతా వేయండి. అర నిమిషం ఆగి, తువ్వాలు తిప్పి పొడి వైపుతో మళ్లీ నొక్కండి. అంచుల నుంచి మధ్యకి రావాలి. తువ్వాలు దాదాపు పొడిగా పైకి వచ్చేదాకా ఇదే పని. సోఫాకైతే నాలుగైదు సార్లు పడుతుంది.

తర్వాత కాసిని చల్లటి నీళ్లు పోసి మళ్లీ అదే వరసలో అద్దండి. వేడి నీళ్లు వద్దు, స్టీమ్ క్లీనర్ అసలే వద్దు. వేడికి ఉచ్చలోని ప్రొటీన్లు బట్ట పోగులకి పట్టేసుకుంటాయి, ఆ తర్వాత వదిలించడం రెట్టింపు పని.

తాజా మరకలో సగానికి పైగా పని ఇక్కడే అయిపోతుంది. క్లీనర్ ఏది కొనాలా అని ఆలోచించే ముందు తువ్వాలు అందుకోవడం మేలు.

ఇంత మొండి కంపు ఎందుకంటే

పెంపుడు పిల్లి పూర్వీకులు ఎడారి ప్రాంతాల అడవి పిల్లులు. నీళ్లు దొరకని చోట బతకడానికి వాటి మూత్రపిండాలు ఒంట్లోని నీటిని వీలైనంత వెనక్కి లాక్కోవడం నేర్చుకున్నాయి. అందుకే పిల్లి మూత్రం కొంచెమే అయినా చిక్కగా ఉంటుంది. అందులోని యూరియాని బాక్టీరియా విరగ్గొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. ముక్కుపుటాలు మండించే ఘాటు అదే.

అమ్మోనియా ఒక్కటే అయితే కిటికీలు తెరిస్తే పోయేది. పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే అమైనో ఆమ్లం కూడా ఉంటుంది. అది తయారవడానికి కాక్సిన్ అనే ప్రొటీన్ కారణమని జపాన్ పరిశోధకులు 2006లో వివరించారు. ఫెలినైన్ నెమ్మదిగా విరిగి గంధకం ఉన్న పదార్థాలు విడుదలవుతాయి. వాటి పేరు థయాల్స్. 'పిల్లి కంపు' అని మనం గుర్తుపట్టే ఆ ప్రత్యేకమైన వాసన వీటిదే. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగపిల్లుల్లో ఫెలినైన్ ఎక్కువ, అందుకే వాటి ఉచ్చ కంపు మరీ ఘోరం. తాజాగా పోసినప్పటి కంటే కొన్ని గంటలు గడిచాక వాసన పెరగడానికి కారణం కూడా అది ఇలా నెమ్మదిగా విరగడమే.

ఎండిపోయాక అడుగున లవణాలు మిగులుతాయి. గాలిలో తేమ పెరిగితే అవి దాన్ని పీల్చుకుంటాయి, కంపు మళ్లీ లేస్తుంది. ముసురు పట్టిన రోజు ఇల్లంతా వాసన వస్తోందంటే పిల్లి కొత్తగా పోసిందని కాదు, పాతది మేలుకుందని. సబ్బు కొంత మురికిని తీస్తుంది గానీ థయాల్స్‌ని విరగ్గొట్టలేదు. ఇక రూమ్ ఫ్రెషనర్ సంగతి బూడిదలో పోసిన పన్నీరే.

సోఫాకంటే ముందు పిల్లిని చూడండి

అలవాటున్న పిల్లి ఉన్నట్టుండి బయట పోస్తే ముందు జబ్బునే అనుమానించాలి. అలక, పొగరు, పగ, ఇవన్నీ మనం అంటగట్టేవి. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉంటే ఆ నొప్పికి లిట్టర్ బాక్స్ కారణమని పిల్లి అనుకుంటుంది. అందుకే మెత్తటి, చల్లటి చోటు ఇంకోటి వెతుక్కుంటుంది. పరుపు, ఉతకాల్సిన బట్టల కుప్ప, స్నానాల గది నేల ముందుగా బలయ్యేది అందుకే.

ఒక సందర్భంలో మాత్రం తెల్లారేదాకా కూడా ఆగకూడదు. మగపిల్లి మాటిమాటికీ బాక్స్‌లోకి వెళ్లి ముక్కుతూ కూర్చుంటోంది, ఏమీ రావడం లేదు, లేదా చుక్కలు చుక్కలుగా వస్తోంది, అరుస్తోంది, కింద నాకుతూనే ఉంది. ఇలా కనిపిస్తే మూత్రనాళం మూసుకుపోయిందేమో అని భయపడాలి. మగపిల్లికి ఆ నాళం చాలా సన్నన, చిన్న స్ఫటికాల ముద్ద అడ్డుపడినా చాలు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుని ఇంటి వైద్యం మొదలుపెడతారు. ఎంత రాత్రయినా సరే, అత్యవసరంగా చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మనకి అది కంపు, దానికి ప్రాణసంకటం.

అంత అత్యవసరం కానివి కూడా ఉన్నాయి. మూత్రంలో రక్తం, మూత్రాశయంలో రాళ్లు, ముసలి పిల్లుల్లో మూత్రపిండాల జబ్బు, షుగర్, కీళ్ల నొప్పులు. షుగర్, మూత్రపిండాల జబ్బు ఉన్న పిల్లి నీళ్లు ఎక్కువగా తాగుతుంది, ఎక్కువగా పోస్తుంది. లిట్టర్‌లో ఉండలు ఈమధ్య పెద్దవయ్యాయా అని గమనించండి. కీళ్లు పట్టేసిన పిల్లి బాక్స్ గోడ ఎక్కలేక పక్కనే పోస్తుంది. దాన్ని తిట్టి ఏం లాభం?

వయసులో ఉన్న పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది, బూచికి వచ్చింది, ఇన్ఫెక్షన్ లేకుండానే మూత్రాశయం వాచే జబ్బు. టెన్షన్‌తో దీనికి గట్టి సంబంధం ఉంది. ఇంట్లోకి కొత్త మనిషి రావడం, కొత్త పిల్లి రావడం, ఇల్లు మారడం, రిపేర్ల చప్పుడు లాంటివి చాలు. వయసులో ఉన్న పిల్లికి బాక్టీరియా ఇన్ఫెక్షన్ రావడం అరుదు కాబట్టి, మూత్ర పరీక్ష చేయకుండా యాంటీబయాటిక్ రాసిస్తే "పరీక్ష చేద్దామా?" అని అడగడంలో తప్పు లేదు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకెళ్లండి: ఎక్కడ పోస్తోంది, రోజుకి ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎంత. ఆరోగ్యంగా ఉన్న పిల్లి సాధారణంగా రోజుకి రెండు నుంచి నాలుగుసార్లు పోస్తుంది.

పోసిందా, చిమ్మిందా

ఈ రెండింటికీ మందు వేరు. నేల మీద గాని పరుపు మీద గాని మడుగులా ఉంటే కూర్చుని పోసింది. గోడ మీద, తలుపు అంచున, కర్టెన్ మీద, పిల్లి వెనక భాగం ఎత్తులో మొదలై సన్నటి ధారలు కిందికి కారి ఉంటే చిమ్మింది. చిమ్మేటప్పుడు నిలబడే ఉంటుంది. తోక నిటారుగా లేపి, కొస వణికిస్తుంది. అది మూత్రం ఆపుకోలేక కాదు. "ఇది నా చోటు" అని చీటీ అంటించడం.

చిమ్మే మగపిల్లికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ మొదటి మందు. అది కూడా అలవాటు ముదరకముందే. ముందుగానే ఆపరేషన్ అయిన పిల్లుల్లో కూడా మగవాటిలో దాదాపు 10 శాతం, ఆడవాటిలో 5 శాతం పెద్దయ్యాక చిమ్ముతాయి. అలాంటప్పుడు కారణం సాధారణంగా కిటికీ అవతల ఉంటుంది. వీధి పిల్లి ఒకటి రోజూ వచ్చి కూర్చుంటోందేమో చూడండి. కిటికీ కింది సగం కనబడకుండా కాగితం అంటిస్తేనే చిమ్మడం ఆగిన ఇళ్లున్నాయి.

కంపు ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడం

పగలు మోకాళ్ల మీద పాకుతూ వాసన చూడటం మొదటి గంట వరకే పనికొస్తుంది. ఆ తర్వాత మన ముక్కు అలవాటు పడిపోతుంది. అంతకంటే యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ నయం. 365 నుంచి 395 నానోమీటర్ల మధ్యది చాలు. రాత్రి లైట్లన్నీ ఆర్పి, కర్టెన్లు మూసి, కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, టార్చ్‌ని నేలకి ఒక అడుగు ఎత్తులో పట్టుకుని మెల్లగా జరపండి. ఎండిన ఉచ్చ మసక పసుపుగానో, పసుపు కలిసిన ఆకుపచ్చగానో మెరుస్తుంది.

నేను ఆ రాత్రి టార్చ్ వేసినప్పుడు సోఫా మూల మెరుస్తుందని తెలుసు. కర్టెన్ అంచు, పుస్తకాల అర కింద నేల, చెప్పుల స్టాండ్ వెనక గోడ మెరుస్తాయని తెలియదు. తెల్ల కర్టెన్ మొత్తం నీలంగా ధగధగలాడితే గుండె ఆగినంత పనైంది. అది డిటర్జెంట్ మెరుపు. బట్టల సబ్బులో కలిపే తెల్లదనం రంగులు కూడా యూవీకి మెరుస్తాయి, కాకపోతే తెల్లగా, నీలంగా. అనుమానం వస్తే దగ్గరికెళ్లి వాసన చూడండి. టార్చ్ చోటు చూపిస్తుంది, తీర్పు చెప్పేది ముక్కే.

దొరికిన ప్రతి మచ్చ చుట్టూ చాక్‌పీస్‌తో గీత గీయండి, లేదా పేపర్ టేప్ ముక్క అంటించండి. లైటు వేయగానే మచ్చ మాయమవుతుంది, మళ్లీ వెతుక్కోవాలి.

ఏది వాడాలి

నా అనుభవంలో ఎంజైమ్ క్లీనర్‌ని మించింది లేదు. ఇందులోని ఎంజైములు, కొన్నింట్లో మేలు చేసే బాక్టీరియా, ఉచ్చలోని పదార్థాలను ముక్కలు చేస్తాయి. వాసనని కప్పడం కాదు, దాని మూలాన్నే తినేస్తాయి. చాలామంది "వాడాను, పనిచేయలేదు" అంటారు. అడిగితే అందరూ ఒకటే చెబుతారు: పైపైన స్ప్రే కొట్టి, ఐదు నిమిషాలకి తుడిచేశారు. ఎంజైమ్ తడిలోనే పనిచేస్తుంది. ఉచ్చ ఎంత లోతుకి దిగిందో అంత లోతుకీ దిగాలి, ఎంత వెడల్పు పాకిందో అంతకంటే కాస్త ఎక్కువ తడపాలి. పైన పిడికెడు మరక కనిపిస్తే లోపల స్పాంజిలో అది పళ్లెమంత ఉంటుంది. కాబట్టి స్ప్రే మూత తీసి పోయండి. తాజా మరకకి సీసా మీద రాసినంత సేపు ఉంచితే సరిపోతుంది. పాతదానికైతే పైన ప్లాస్టిక్ షీట్ కప్పి, ఆరకుండా రాత్రంతా ఉంచండి. తర్వాత షీట్ తీసేసి, ఫ్యాన్ పెట్టి, దానంతట అది ఆరనివ్వాలి. ఆరేటప్పుడు మొదటి ఒకటి రెండు రోజులు కంపు ఎక్కువైనట్టు అనిపిస్తుంది. కంగారు పడి మధ్యలో సబ్బు వేయకండి. మొండి చోట్లకి రెండు మూడు విడతలు పట్టొచ్చు.

అంతకుముందు అక్కడ వేరే క్లీనర్ వాడి ఉంటే మంచినీళ్లతో బాగా అద్ది తీసేశాకే ఎంజైమ్ పోయాలి. లేకపోతే ఆ క్లీనరే ఎంజైమ్‌ని చంపేస్తుంది.

ఎంజైమ్ దొరకనప్పుడు, లేదా అదొక్కటే చాలనప్పుడు ఇంకో మిశ్రమం ఉంది. దీని వెనక కథ కూడా బాగుంటుంది. 1993లో పాల్ క్రెబామ్ అనే రసాయన శాస్త్రవేత్త, స్కంక్ అనే జంతువు చిమ్మిన కంపుని పెంపుడు జంతువుల ఒంటి మీద నుంచి వదిలించే మిశ్రమాన్ని బయటపెట్టాడు. స్కంక్ కంపులోనూ ముఖ్యమైనవి థయాల్సే. హైడ్రోజన్ పెరాక్సైడ్ వాటికి ఆక్సిజన్ తగిలించి వాసన లేని పదార్థాలుగా మారుస్తుంది. అర లీటరు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో రెండు టేబుల్ స్పూన్ల బేకింగ్ సోడా, అర టీస్పూను గిన్నెలు కడిగే లిక్విడ్ కలపండి. వెంటనే మరక మీద పోసి, పది పదిహేను నిమిషాలు ఉంచి, తడి గుడ్డతో తీసేయండి. మిగిలింది పారబోయాలి. మూత బిగించి దాస్తే గ్యాస్ పుట్టి సీసా పగులుతుంది. రంగు బట్టలని ఇది వెలిసిపోయేలా చేస్తుంది కాబట్టి కనబడని మూల ఒకటి చూసుకుని, ముందు అక్కడ పరీక్షించండి. ఎంజైమ్‌తో కలిపి వాడకండి, రెండింటికీ మధ్య ఒక రోజు ఎడం ఉండాలి. ఆరేదాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వకండి.

వెనిగర్ గురించి అందరూ చెబుతారు. నీళ్లు, వెనిగర్ సమానంగా కలిపితే అమ్మోనియా ఘాటుని తగ్గిస్తుంది, అంతవరకు నిజం. థయాల్స్‌ని అది ఏమీ చేయలేదు. అప్పటికప్పుడు ఇంట్లో ఇంకేమీ లేనప్పుడు వాడుకోవచ్చు. పాలరాయి మీద మాత్రం వద్దు, ఆమ్లానికి రాయి మెరుపు పోయి మచ్చ పడుతుంది. బేకింగ్ సోడా పొడి చల్లి మర్నాడు వాక్యూమ్ చేస్తే పైపై వాసన కాస్త తగ్గుతుంది. దాన్నే మందు అనుకోవడం అంటే పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టే.

ఏది ముట్టకూడదు

బ్లీచ్. ఉచ్చలోని అమ్మోనియాతో కలిసి క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది, గాలి ఆడని గదిలో ప్రమాదం. బ్లీచ్‌లో వెనిగర్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, అది ఇంకా చెడ్డది.

ఫినాయిల్. నేల తుడిచే నీళ్లలో కలపడం మనకి ఎంత అలవాటో చెప్పనక్కర్లేదు. ఫినాల్ రకం పదార్థాలని విరిచి బయటికి పంపే ఏర్పాటు పిల్లి కాలేయంలో సరిగా లేదు. తడి నేల మీద నడుస్తుంది, తర్వాత పాదాలు నాకుతుంది, అలా లోపలికి పోతుంది. పైన్ ఆయిల్, టీ ట్రీ ఆయిల్, నిమ్మజాతి నూనెలు కూడా ఇదే కోవ. 'సహజం' అని సీసా మీద రాసి ఉన్నా సరే.

అమ్మోనియా ఉన్న గాజు క్లీనర్లు, నేల క్లీనర్లు కూడా పక్కన పెట్టండి. అవి వేసిన చోటు పిల్లికి ఉచ్చ వాసనే కొడుతుంది. శుభ్రం చేస్తున్నామనుకుని పిలుపు పంపినట్టవుతుంది.

ఒక్కో వస్తువుకి ఒక్కో తీరు

బట్టలు, దుప్పట్లు తేలిక. ముందు చల్లటి నీళ్లలో జాడించి, ఎంజైములున్న డిటర్జెంట్‌తో ఉతకండి. ఆరేయక ముందు తడిగా ఉండగానే ముక్కు దగ్గర పెట్టుకు చూడండి. ఏ మాత్రం అనుమానం ఉన్నా మళ్లీ ఉతకాలి. కంపు ఉండగానే డ్రయ్యర్‌లో వేసినా, ఇస్త్రీ చేసినా అది అందులోనే స్థిరపడుతుంది. ఎండలో ఆరేయగలిగితే అంతకంటే మంచిది లేదు.

పరుపు చాలా కష్టం. అద్దగలిగినంత అద్ది, ఎంజైమ్ పోసి, ప్లాస్టిక్ కప్పి రాత్రంతా ఉంచి, మర్నాడు పరుపుని గోడకి నిలబెట్టి రెండు వైపులా గాలి తగిలేలా ఫ్యాన్ పెట్టండి. లోపలిదాకా ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. సగం ఆరిన పరుపు మీద దుప్పటి పరిస్తే ఉచ్చ కంపుకి ముక్కిపోయిన వాసన తోడవుతుంది. ఒకసారి ఈ పని చేశాక మనం చెప్పకుండానే వాటర్‌ప్రూఫ్ కవర్ కొంటాం. సోఫా దిళ్లకి తొడుగు విప్పి లోపలి స్పాంజిని విడిగా టబ్బులో ఎంజైమ్ నీళ్లతో పిసికి, ఒత్తి, ఆరబెట్టొచ్చు. తొడుగు మీద నుంచే పోయడం కంటే ఇది ఎంతో మేలు. నా సోఫా మూల చివరికి బాగుపడింది ఇలాగే.

టైల్స్ మీద పోస్తే తుడిస్తే పోతుందనుకుంటాం. టైల్ పీల్చదు, టైల్స్ మధ్య సిమెంటు గీతలు పీలుస్తాయి. వాటి మీద ఎంజైమ్‌ని గీత వెంబడి పోసి, తడి గుడ్డ కప్పి కొన్ని గంటలు ఉంచండి. బాగా ఆరాక ఆ గీతలకి సీలర్ పూస్తే ఇంకోసారి లోపలికి దిగదు. పాలిష్ పోయిన చెక్క నేలైతే పోగుల్లోకి దిగిపోయి ఉంటుంది. రెండు మూడు విడతలకీ పోకపోతే ఆ భాగం గీకించి మళ్లీ పాలిష్ పెట్టించడమే. గోడ మీద చిమ్మితే గోడ అడుగున ఉండే స్కర్టింగ్ పలక దాకా కారిందేమో చూడండి. గోడకీ పలకకీ మధ్య సందులో చేరింది ఎవరికీ కనబడదు. శుభ్రం చేశాక కూడా వాసన వస్తుంటే షెల్లాక్ (లక్క) ప్రైమర్ వేసి, ఆపైన రంగు వేయించండి. అది మిగిలిన వాసనని లోపలే మూసేస్తుంది.

లిట్టర్ బాక్స్‌తో పిల్లికి వచ్చిన పేచీ

డాక్టర్ జబ్బేమీ లేదన్నాక, తప్పు చాలాసార్లు బాక్స్ దగ్గరే ఉంటుంది. మనం వాడే మరుగుదొడ్డి రెండు రోజులు ఎవరూ కడగకపోతే మనకెలా ఉంటుందో దానికీ అంతే.

లెక్క సులువు. పిల్లులు ఎన్నో, దానికి ఒకటి కలిపి అన్ని బాక్సులు. రెండు పిల్లులుంటే మూడు. అవి మూడూ ఒకే గోడ పక్కన వరసగా పెడితే పిల్లి దృష్టిలో అది ఒక్క బాక్సే. వేర్వేరు గదుల్లో ఉండాలి. బాక్స్ పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న కొలతకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. అమ్మే బాక్సుల్లో ఎక్కువ భాగం అంత ఉండవు. నేను బట్టలు సర్దుకునే వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకుని ఒక వైపు గోడ కోసి వాడుతున్నాను, బూచికి అదే నచ్చింది. ముసలి పిల్లికి, పసికూనలకి ఆ కోసిన వైపు బాగా కిందికి ఉండాలి. మూత ఉన్న బాక్స్ మన కంటికి ముచ్చటగా ఉంటుంది. లోపల కంపంతా ముక్కు ముందే నిలబడితే పిల్లికి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

లిట్టర్ వాసన లేనిది, ముద్ద కట్టేది, సన్నటి ఇసుకలా ఉండేది అయితే చాలా పిల్లులకి నచ్చుతుంది. 1947లో అమెరికాలో ఎడ్ లో (Ed Lowe) అనే ఆయన పొరుగింటామె పిల్లికి ఇసుక బదులు మట్టి గుళికలు ఇచ్చేదాకా చాలా ఇళ్లలో పిల్లికి ఇసుకో, బూడిదో గతి. ఇప్పుడు ముద్ద కట్టేవాటిలో ఎక్కువ భాగం బెంటొనైట్ మట్టితో చేసినవి. ఐదు సెంటీమీటర్ల లోతు పోస్తే చాలు. రోజుకి కనీసం ఒకసారి, వీలైతే రెండుసార్లు ముద్దలు తీసేయాలి. వాసన లేని సబ్బుతో అప్పుడప్పుడూ బాక్స్ మొత్తం కడగాలి. గోళ్ల గీతలు పడ్డ ప్లాస్టిక్ వాసన పట్టేస్తుంది కాబట్టి ఏడాదికోసారి మార్చేయండి. లిట్టర్ రకం మార్చాలనుకుంటే పాతది తీసేయకుండా, పక్కన ఇంకో బాక్సులో కొత్తది పెట్టి పిల్లిని ఎంచుకోనివ్వండి.

చోటు సంగతి: తిండి, నీళ్లు ఉన్న దగ్గర వద్దు. వాషింగ్ మెషిన్ పక్కన వద్దు, అది ఒక్కసారి ఉలికిపడేలా తిరిగినా ఇక ఆ బాక్స్ వైపు వెళ్లదు. రెండు పిల్లులున్న ఇంట్లో బాక్స్ ఇరుకు మూలలో ఉంటే ఒకటి దారికాసి ఇంకోదాన్ని వెళ్లనివ్వదు. అది కొట్లాటలా ఉండదు, ఊరికే దారిలో పడుకుని ఉంటుంది, అంతే. బెదిరిన పిల్లి పరుపు వెతుక్కుంటుంది.

గర్భిణులు ఉన్న ఇంట్లో లిట్టర్ శుభ్రం చేసే పని ఇంకొకరు చేయాలి. తప్పదంటే గ్లవ్స్ వేసుకుని రోజూ తీసేయాలి. మలంలో ఉండగల టాక్సోప్లాస్మా క్రిమి అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది.

కడిగిన చోటు ఇక మరుగుదొడ్డి కాదని చెప్పడం

శుభ్రం చేశాక కొన్నాళ్లు అలవాటుతో మళ్లీ వస్తుంది. పిల్లి తినే చోట, పడుకునే చోట సాధారణంగా మలమూత్రాలు చేయదు. దాన్నే వాడుకోండి. ఆ మూలలోనే దాని గిన్నె పెట్టండి, ఆడించండి, పడుకునే గుడ్డ వేయండి. పెట్టడానికి వీల్లేని చోటైతే రెండు వైపులా అంటుకునే టేపో, అల్యూమినియం ఫాయిలో పరిస్తే ఆ స్పర్శ నచ్చక తప్పుకుంటుంది. పిల్లి ఒకే చోటికి మొండిగా వస్తుంటే ఆ చోటే బాక్స్ పెట్టి, వాడటం మొదలుపెట్టాక రోజుకి కొన్ని అంగుళాల చొప్పున మనకి కావలసిన వైపు జరపడం ఇంకో దారి.

ముక్కు పట్టుకుని ఉచ్చలో రాయడం, కొట్టడం, అరవడం పనిచేయవు. పోసిన పనికీ ఈ శిక్షకీ లంకె దానికి అర్థం కాదు. మనుషులు చూడకుండా పోయాలని మాత్రం నేర్చుకుంటుంది, మంచం కింద వెనక మూలలో. ఆపైన భయం, భయంతో మళ్లీ మూత్రాశయం వాపు.

మలం, వాంతి తేలిక. గట్టిగా ఉన్నదాన్ని అట్టముక్కతో ఎత్తి, మిగిలింది చల్లటి నీళ్లతో అద్ది, ఎంజైమ్ వేయండి. వారంలో పలుమార్లు వాంతి చేసుకుంటే శుభ్రం చేయడం ఒక్కటే చాలదు, అది కూడా డాక్టర్‌కి చెప్పాల్సిందే.

ఎప్పుడు వదిలేయాలి

మూడు విడతల ఎంజైమ్ తర్వాత, పూర్తిగా ఆరిన వారానికి, తేమగా ఉన్న రోజు ఒకసారి వాసన చూడండి. టార్చ్ కింద మరక ఇంకా మసగ్గా మెరిసినా, వాసన లేకపోతే, పిల్లి అక్కడ ఆగి ముక్కు ఆనించకపోతే, అయిపోయినట్టే. కంపు ఇంకా ఉంటే, ముఖ్యంగా నెలల తరబడి నానిన కార్పెట్ అయితే, దానితో కుస్తీ ఆపేయండి. కార్పెట్ కింద మెత్తటి పొర ఉంటే దాన్ని కూడా తీసేయాలి, అసలు సరుకంతా అందులోనే ఉంటుంది. తీశాక కింద నేలని కూడా ఎంజైమ్‌తో తడిపి, ఆరబెట్టి, సీలర్ వేసి, ఆ తర్వాతే కొత్తది పరవండి.